స్నెంటన్ గాలిమర: ఒక చారిత్రక పరిశీలన

ఇంగ్లండులో నాటింగ్‌హామ్ నగరానికి తూర్పు అంచున స్నెంటన్ అనే పేట ఉన్నది. ఆ పేటలో ఒక మెట్ట మీద, చుట్టుపక్కల ఇళ్ళ కప్పులకన్నా బాగా ఎత్తున, ఇటుకతో కట్టిన గాలిమర ఒకటి నిలబడి ఉన్నది. దాన్ని 1807లో జార్జి గ్రీన్ అనే రొట్టెల వ్యాపారి కట్టించాడు. అతని కుమారుడి పేరు కూడా జార్జి గ్రీనే. ఆ కుమారుడు మర పని చూసుకుంటూనే 1828లో విద్యుత్తు, అయస్కాంతత్వాల మీద ఒక గణిత గ్రంథం అచ్చు వేయించాడు. గణితమో భౌతికశాస్త్రమో చదివిన మన విద్యార్థులు “గ్రీన్ సిద్ధాంతం”, “గ్రీన్ ఫంక్షన్” అని నిత్యం వల్లించే ఆ గ్రీన్ ఇతనే. నేను చదువుకున్న రోజుల్లో ఆ సిద్ధాంతాన్ని బోర్డు మీద నిరూపించిన వారెవరూ ఆ పేరు వెనక ఒక పిండిమర ఉన్నదని చెప్పలేదు. పాఠ్యపుస్తకాలకు మనుషులతో పని లేదు గదా.

ఈ మర గురించి రెండు రకాల కథలు ప్రచారంలో ఉన్నాయి. మొదటిది బూర్జువా చరిత్రకారులది: చదువు లేదు, గురువు లేడు, ఏకాంతంలో ఒక మేధావి వికసించాడు అని. రెండవది మనది. ఆమధ్య ఒక విద్యార్థి సభలో ఒక వక్త గ్రీన్‌ను “శ్రామికవర్గ గణితవేత్త” అన్నాడు. చప్పట్లు మోగాయి. నేను మాత్రం కొట్టలేకపోయాను. గ్రీన్ ఆ మరలో కూలివాడు కాడు. మర యజమాని కొడుకు, తండ్రి తరువాత తానే యజమాని. పిండి బస్తాలు అతని చేతుల మీదుగా పోయాయన్నది నిజమే. కాని ఆ బస్తాల మీద వచ్చిన లాభం కూడా అతని ఇంటికే పోయింది. శ్రామికవర్గం గొప్పవాళ్ళను అరువు తెచ్చుకోవలసినంత బీదది కాదు. పైగా ఇట్లా అరువు తెచ్చుకున్నప్పుడు అసలు చరిత్ర మన కళ్ళ ముందే మరుగున పడిపోతుంది. ఈ మర చరిత్ర ప్రధానంగా రొట్టె ధర చరిత్ర అని నా అభిప్రాయం. గణితం ఆ ధరలోంచే, చాలా వంకర దారిన, వచ్చింది.

1847లో “తత్వశాస్త్ర దారిద్ర్యం”లో మార్క్స్ చేతి తిరగలినీ ఆవిరి మరనూ రెండు సమాజాలకు గుర్తులుగా పక్కపక్కన పెట్టిన సంగతి మనవారికి కంఠతా వచ్చు. ఆ వాక్యాన్ని సూత్రంగా జపించేవారు ఆ రెంటికీ మధ్య ఆరేడు వందల యేళ్ళపాటు నీటిమరలూ గాలిమరలూ తిరిగాయన్న సంగతిని మరిచిపోతారు. మార్క్స్ మరిచిపోలేదు. “పెట్టుబడి” మొదటి సంపుటంలో ఆయన యంత్రాల పరిణామాన్ని పిండిమర చరిత్రలోనే పరిశీలించవచ్చునని చూపాడు. కాబట్టి మనం కూడా కొంచెం వెనక్కు పోదాం.

ఇంగ్లండులో గాలిమరల ప్రస్తావన పన్నెండవ శతాబ్దం చివరి భాగంలో కనపడుతుంది. అప్పటికి నీటిమరలన్నీ భూస్వాముల చేతుల్లోనూ మఠాల చేతుల్లోనూ ఉన్నాయి. కౌలుదారు తన గింజలు ప్రభువు మరలోనే ఆడించుకోవాలి, ఆడించినందుకు అందులో ఒక వంతు ఇచ్చుకోవాలి. వాగు ప్రభువుది గనుక మర కూడా ప్రభువుదే. ఇది అందరికీ అర్థమయ్యే న్యాయం. మరి గాలి ఎవరిది? 1191లో బరీ సెయింట్ ఎడ్మండ్స్ అనే చోట హెర్బర్టు అనే చర్చి అధికారి తన పొలంలో ఒక గాలిమర కట్టుకున్నాడు. అక్కడి మఠాధిపతి శాంసన్ మండిపడ్డాడు. గాలి వల్ల వచ్చే లాభం ఎవరికైనా చెందవచ్చు గదా అని హెర్బర్టు వాదించాడు. తన గింజలు మాత్రమే ఆడించుకుంటానన్నాడు. ఆ మరను పడగొట్టేదాకా తాను అన్నం ముట్టనని మఠాధిపతి ఒట్టు పెట్టుకున్నాడు. హెర్బర్టు భయపడి, మఠం మనుషులు వచ్చేలోగా తానే దాన్ని విప్పించి వేశాడు. ఆ మఠంలోనే ఉండిన సన్యాసి జోసెలిన్ ఈ సంగతి రాసిపెట్టాడు. శాంసన్‌కు గాలి మీద వ్యామోహమేమీ లేదు. పట్టణంలోని జనం ఆ మరకు పోతే తన మరల రాబడి పడిపోతుందని అతని బెంగ.

సెయింట్ ఆల్బన్స్ మఠం చేసిన పని ఇంకా ముచ్చటైనది. 1330 ప్రాంతంలో అక్కడి మఠాధిపతి రిచర్డు, జనం ఇళ్ళలోని చేతి తిరగళ్ళను లాక్కొని, ఆ రాళ్ళను తన మందిరంలో నేలకు పరిపించాడు. తిరగలి ఇంట్లో ఉంటే మఠం మరకు ఎవరు వస్తారు? 1381లో రైతుల తిరుగుబాటు వచ్చినప్పుడు జనం ఆ మందిరంలో జొరబడి నేలను పెళ్ళగించి, రాళ్ళను ముక్కలు చేసి, ప్రసాదం పంచుకున్నట్టు పంచుకున్నారు. పాఠకులు గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. ఈ రిచర్డు ఆ కాలంలో ఇంగ్లండులోకెల్లా గొప్ప గణితవేత్తల్లో ఒకడు. ఖగోళ గడియారం నిర్మించినవాడు. మరకూ గణితానికీ ఒకే ఇంట్లో చోటు దొరకడం స్నెంటన్‌లోనే మొదలు కాలేదన్నమాట.

ఇక నాటింగ్‌హామ్‌కు వద్దాం. పద్దెనిమిదవ శతాబ్దం గడిచేసరికి భూస్వామి మర హక్కు చాలాచోట్ల నామమాత్రమైంది. దాని స్థానంలో బజారు వచ్చింది. మర యజమాని ఇప్పుడు గింజలు కొంటాడు, నిలవ చేస్తాడు, ధర చూసుకొని అమ్ముతాడు. ప్రభువు మీద ఉండిన కోపం అతని మీదికి మళ్ళింది. ఆహార ధరలు పెరిగినప్పుడల్లా ఇంగ్లీషు జనం బజారుకు వచ్చి, వ్యాపారి సరుకును స్వాధీనం చేసుకొని, న్యాయమని తమకు తోచిన ధరకు అమ్మించడం ఆ శతాబ్దమంతటా జరిగింది. దాన్ని మూక అల్లరిగా కొట్టిపారేయకూడదనీ, దాని వెనక ఒక నీతి, ఒక అర్థశాస్త్రం ఉన్నాయనీ ఇ.పి. థాంప్సన్ 1971లో తన ప్రసిద్ధ వ్యాసంలో నిరూపించాడు. నాటింగ్‌హామ్ ఇందులో పేరుమోసిన ఊరు. 1766 అక్టోబరులో అక్కడి సంతలో జున్ను ధర చూసి మండిన జనం పెద్ద పెద్ద జున్ను చక్రాలను వీధుల్లో దొర్లించారు. శాంతింపజేయడానికి వచ్చిన మేయరు సాక్షాత్తు ఒక జున్ను చక్రం తగిలి కింద పడ్డాడు.

1800 నాటికి నవ్వులాట మిగలలేదు. ఫ్రాన్సుతో యుద్ధం, వరసగా చెడిన పంటలు. ఎనిమిది బుషెళ్ళ గోధుమ, అంటే సుమారు రెండు క్వింటాళ్ళ పైన, దేశపు సగటున 113 షిల్లింగుల 10 పెన్నీలకు పెరిగింది. మరుసటి యేడు 119 దాటింది. ఆ యేడు నాటింగ్‌హామ్‌లో జనం రొట్టెల కొట్ల మీద పడ్డారు. దాడికి గురైనవాళ్ళలో పెద్ద గ్రీన్ ఒకడు. అతను మేయరును రక్షణ కోరవలసి వచ్చింది. అప్పటికి చిన్న గ్రీన్‌కు ఏడేళ్ళు. తన కొట్టు అద్దాల మీద పడిన రాళ్ళ చప్పుడు ఆ పిల్లవాడి చెవిన పడే ఉంటుంది.

అద్దాలు పగిలినా వ్యాపారం పగలలేదు. కరువులో రొట్టె అమ్మేవాడు చెడిపోయిన దాఖలాలు ఏ దేశంలోనూ తక్కువే. పెద్ద గ్రీన్ స్నెంటన్‌లో నేల కొని 1807లో తన సొంత మర కట్టించాడు. గింజ దగ్గరినుంచి రొట్టె దాకా మొత్తం తన చేతిలోకి తెచ్చుకున్నాడు. యుద్ధం సాగినన్నాళ్ళూ అది బంగారు గనే. 1812లో గోధుమ 126 షిల్లింగుల 6 పెన్నీలకు వెళ్ళింది. ఆ శతాబ్దంలో మళ్ళీ ఆ ఎత్తుకు పోలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆవిరి యంత్రం అప్పటికే వచ్చింది. లండన్‌లో ఆల్బియన్ మిల్లు 1786 నుంచీ వాట్ యంత్రాలతో పిండి ఆడింది. 1791లో అది తగలబడితే లండన్ పిండిమరల వాళ్ళు సంబరపడ్డారు. నాటింగ్‌హామ్‌కు కొద్ది మైళ్ళ దూరంలో ఉన్న పాపుల్‌విక్‌లో 1785లోనే నూలు మిల్లుకు ఆవిరి యంత్రం తగిలించారు. అయినా ఇరవై రెండేళ్ళ తరువాత అదే సీమలో ఒక తెలివైన వ్యాపారి గాలిమర కట్టాడు. వెనకబడినవాడా? కాడు. బొగ్గుకు డబ్బు పెట్టాలి, గాలికి పెట్టనక్కరలేదు. అతని లెక్క అంతే. పాత సాధనం లాభం తెచ్చిపెట్టినంతకాలం పెట్టుబడి దాన్ని వదలదు. ఉత్పత్తి శక్తులు మెట్లవారీగా, ఒకటి పోయాక ఒకటి వస్తాయని తరగతుల్లో చెప్పుకునే మనకు ఈ మర ఒక హెచ్చరిక.

అతను కట్టించిన దానిలో పాతదనం కూడా ఏమీ లేదు. అంతకు ముందు అక్కడ ఉండినది కొయ్య మర. ఆ పాత పద్ధతిలో మర మొత్తం, రాళ్ళూ చక్రాలూ గింజలూ మనిషితో సహా, ఒకే ఒక బలమైన స్తంభం మీద నిలబడుతుంది. గాలి దిక్కు మారినప్పుడల్లా మరవాడు కిందికి దిగి, వెనక ఉన్న పొడుగాటి దూలాన్ని భుజంతో నెట్టి, ఇంటికి ఇంటినే గాలికి ఎదురుగా తిప్పాలి. ఇటుక బురుజు మరలో కట్టడం కదలదు. పైన ఉన్న టోపీ మాత్రమే, రెక్కలతో సహా, ఒక పట్టా మీద గుండ్రంగా తిరుగుతుంది. స్నెంటన్ మర టోపీ నీరుల్లిగడ్డలాగా కింద ఉబ్బి పైన మొనదేరి ఉంటుంది. ఆ వంపు అందానికని చాలామంది అనుకుంటారు. అందం సరే, లోపల పెద్ద పళ్ళ చక్రానికి చోటు కావాలి, వాన నీరు జారిపోవాలి.

టోపీకి వెనక ఒక చిన్న పంకా ఉంటుంది. 1745లో ఎడ్మండ్ లీ అనే అతను దానికి పేటెంటు పొందాడు. ఇది పెద్ద రెక్కలకు అడ్డంగా, లంబంగా నిలబడుతుంది. రెక్కలు గాలికి సరిగ్గా ఎదురుగా ఉన్నంతసేపూ ఈ పంకాకు గాలి తగలదు. గాలి దిక్కు మారిందా, పంకా తిరగడం మొదలుపెడుతుంది. తిరిగి, పళ్ళ చక్రాల ద్వారా టోపీని మెల్లిమెల్లిగా జరుపుతుంది. రెక్కలు మళ్ళీ గాలికి ఎదురు రాగానే తనంతట తానే ఆగిపోతుంది. మరవాడు నిద్రపోతూ ఉండవచ్చు. గాలి చేసిన తప్పును గాలి చేతనే దిద్దించడం ఇది. ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఈ చిన్న పంకా.

రెక్కల విషయంలోనూ అంతే. పాత రెక్కలకు ఓడ తెరచాపల్లా గుడ్డ కట్టేవారు. గాలి పెరిగితే మర ఆపి, ఒక్కొక్క రెక్కనూ కిందికి తెచ్చి, ఎక్కి గుడ్డ ముడవాలి. మంచు పడే రాత్రయినా సరే. 1772లో ఆండ్రూ మైకిల్ గుడ్డకు బదులు కిటికీ రెక్కల వంటి పలకలను స్ప్రింగులతో బిగించాడు. 1807లోనే, అంటే స్నెంటన్ మర కట్టిన సంవత్సరమే, విలియం క్యూబిట్ ఆ పలకలన్నిటినీ మర ఆపకుండా ఒక్క గొలుసుతో, ఒక్క బరువుతో తెరిచే, మూసే పద్ధతికి పేటెంటు పొందాడు. గాలి హెచ్చితే పలకలు వాటంతట అవే తెరుచుకొని గాలిని వదిలివేస్తాయి. ఇవాళ స్నెంటన్‌లో తిరిగేవి ఈ రకం రెక్కలే.

లోపలికి వెళ్తే మెట్లు నిచ్చెనల్లా నిటారుగా ఉంటాయి. నేను ఎక్కినప్పుడు కింది అంతస్తులోంచే చెక్క నేల పాదాలకు సన్నగా అదరడం తెలిసింది. అంతస్తుల ఏర్పాటులో గొప్ప తర్కం ఉన్నది. బస్తాలను గాలి బలంతోనే గొలుసు మీద పైకి లాగుతారు. పైనుంచి గింజలు గొట్టంలో జారి తొట్టిలో పడతాయి, తొట్టినుంచి రాళ్ళ మధ్యకు, రాళ్ళ అంచునుంచి పిండిగా కింద ఉన్న బస్తాలోకి. ఒక్కసారి పైకెత్తిన గింజ తన బరువుతో తానే పిండయి కిందికి వస్తుంది. రెక్కల ఇరుసు మీది పెద్ద చక్రం, నడిమధ్య నిలబడిన నిలువు దూలాన్ని తిప్పుతుంది. ఆ దూలం అడుగున ఉన్న చక్రం రాళ్ళను తిప్పుతుంది. కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది. మన తిరగలి సూత్రమే. రాతి ముఖాన చెక్కిన గాట్లు అరిగితే పై రాతిని ఎత్తి మళ్ళీ చెక్కాలి. మన వీధుల్లో తిరగళ్ళకు గాట్లు పెట్టేవారు కేకలు వేస్తూ వచ్చినట్టే, అక్కడా ఉలితో ఊళ్ళు తిరిగే పనివాళ్ళుండేవారు. రాతినుంచి ఎగిరిన ఉక్కు రవ్వలు వాళ్ళ చేతుల్లో గుచ్చుకొని నల్లటి మచ్చలుగా మిగిలిపోయేవి.

రాళ్ళు ఎంత వేగంగా తిరిగితే అంత దూరంగా తొలగే స్వభావం వాటికున్నది. తొలగితే పిండి బరక వస్తుంది. దీన్ని సరిచేయడానికి గాలిమరల్లో రెండు గుండ్లు తగిలించిన తిరుగుడు సాధనం పెట్టారు. వేగం పెరిగితే గుండ్లు బయటికి విచ్చుకొని రాళ్ళను దగ్గరికి తెస్తాయి. 1787లో థామస్ మీడ్ ఇటువంటి దానికి పేటెంటు తీసుకున్నాడు. మరుసటి సంవత్సరం ఆల్బియన్ మిల్లులో ఇటువంటి సాధనాన్ని చూసిన బౌల్టన్ వాట్‌కు ఆ సంగతి రాశాడు. వాట్ దాన్ని ఆవిరి యంత్రానికి తగిలించాడు. పాఠ్యపుస్తకాల్లో “వాట్ గవర్నర్” అని బొమ్మ వేసి చూపేది ఇదే. అంటే ఆవిరి యుగానికి తనను తాను అదుపులో పెట్టుకోవడం నేర్పినది పిండిమర. పేరు మాత్రం వాట్‌కు దక్కింది. ఊరూ పేరూ లేని మర వడ్రంగుల పనితనం ఇట్లా ఎంతమంది ఖాతాల్లో జమ పడిందో.

ఈ మరలోకి గ్రీన్ పధ్నాలుగేళ్ళ వయసులో వచ్చాడు. అంతకు ముందు అతను బడికి వెళ్ళినది ఎనిమిదేళ్ళ వయసులో, ఒక యేడాదికి కాస్త పైన. ఆ తరువాత కొట్టులో పని, మరలో పని. రాత్రులు కూడా మర కనిపెట్టుకొని ఉండాలి. గింజ లేకుండా రాళ్ళు తిరిగితే నిప్పు పుడుతుంది. గాలివాన వస్తే కొయ్య బ్రేకు రాపిడికి టోపీ అంటుకుంటుంది. 1811 నుంచి నాటింగ్‌హామ్ పల్లెల్లో మేజోళ్ళు అల్లే కార్మికులు రాత్రులు మగ్గాలు పగలగొట్టసాగారు. లడ్డైట్లు అన్న పేరు అక్కడే పుట్టింది. 1812లో మగ్గం పగలగొట్టినవాడికి ఉరిశిక్ష వేసే చట్టం వచ్చింది. 1815లో ధాన్యపు చట్టం వచ్చింది. గోధుమ ధర 80 షిల్లింగులకు చేరేదాకా విదేశీ గోధుమను అమ్మకానికి రానివ్వరాదని దాని సారాంశం. ఆకలితో ఉన్న అల్లికవాళ్ళకూ, వాళ్ళ రొట్టెకూ మధ్య నిలబడి తిరుగుతున్నది గ్రీన్ల మర. దీన్ని నేను గ్రీన్ మీద నేరారోపణగా చెప్పడం లేదు. అతను నిలబడిన చోటు అది.

గణితం ఎక్కడినుంచి వచ్చింది? రెక్కల చుట్టూ గాలి ప్రవాహాన్ని చూసి అతనికి ఆ సమీకరణాలు తట్టాయని రాసినవారున్నారు. ఇది మోటు భౌతికవాదం. గ్రీన్ గ్రంథం గాలి గురించి కాదు, విద్యుత్తు గురించి. దానికి మూలం లాప్లాస్, ప్వాసాన్ వంటి ఫ్రెంచి వారి రచనలు. ఫ్రెంచి విప్లవానంతరం పెరిగిన ఆ గణితాన్ని ఇంగ్లీషు విశ్వవిద్యాలయాలే చాలాకాలం దూరంగా పెట్టాయి. అయితే నాటింగ్‌హామ్‌లో గ్రామర్ స్కూలు ప్రధానోపాధ్యాయుడు జాన్ టాప్లిస్ 1814లో లాప్లాస్ గ్రంథంలో మొదటి భాగాన్ని ఇంగ్లీషు చేసి ప్రచురించాడు. గ్రీన్‌కు దారి చూపినది అతనేనని పలువురి ఊహ; నాకూ అదే సబబుగా తోస్తుంది. 1823లో గ్రీన్ బ్రామ్లీ హౌస్‌లోని చందాదారుల గ్రంథాలయంలో చేరాడు. చందా కట్టగల స్తోమతు ఉన్నవాడికే అక్కడ ప్రవేశం. మర తెచ్చిన డబ్బు అతనికి ఆ గ్రంథాలయం తలుపు తెరిచింది, కొంత తీరిక ఇచ్చింది. భౌతిక పునాది అంటే ఇది. రెక్కల గాలి కాదు.

తీరికకు మరొక మూలం కూడా ఉన్నది. మర రోజువారీ పని చూసినది మేనేజరు విలియం స్మిత్. అతని కూతురు జేన్ స్మిత్‌తో గ్రీన్‌కు ఏడుగురు పిల్లలు కలిగారు. మొదటి బిడ్డ 1824లో. గ్రీన్ ఆమెను పెళ్ళాడలేదు. తండ్రి ఒప్పుకోలేదని ఒక మాట ఉన్నది. తరువాత కేంబ్రిడ్జిలో ఫెలో కావలసివచ్చినప్పుడు పెళ్ళికానివాడై ఉండటం షరతు గనుక, ఆ స్థితి అతనికి కలిసివచ్చింది. ఏడుగురు పిల్లలను పెంచుతూ ఆమె గడిపిన జీవితాన్ని జీవితచరిత్రలు కొద్ది పేజీల్లో ముగిస్తాయి. గణితవేత్తల చరిత్రల్లో ఆడవాళ్ళకు దొరికే చోటే అంత.

1828లో గ్రంథం వచ్చింది. చందాలతో అచ్చయింది. ప్రతి ఒక్కటి ఏడున్నర షిల్లింగులు. ఒక అల్లికవాడి వారం కూలి దాదాపు అంతే ఉండేది. కొన్నవారు యాభై మందికి మించి కొద్దిమంది. వారిలో ఎక్కువమంది ఊరి పెద్దమనుషులు. అర్థమయి కొన్నవారు బహు స్వల్పం. వారిలో ఒకడు ఎడ్వర్డు బ్రామ్‌హెడ్ అనే భూస్వామి. ఆ గ్రంథంలో గ్రీన్ చేసిన పనులలో ప్రధానమైనవి రెండు చెప్పుకోవచ్చు. ఒక వస్తువు లోపల జరిగేదాన్ని దాని సరిహద్దు మీది కొలతలతో ముడిపెట్టడం ఒకటి. రెండవది, ఒక్క బిందువు దగ్గర పెట్టిన ఒక్క ఆవేశానికి చుట్టూ ఏమి ఫలితం కలుగుతుందో కనుక్కొంటే, ఎన్ని ఆవేశాలున్నా ఆ ఫలితాలను కూడుకుంటూ పోవచ్చునని చూపడం. “పొటెన్షియల్” అన్న మాటను గణితంలో నాటినది కూడా ఇందులోనే. ముందుమాటలో తనకు చదువుకొనే అవకాశం స్వల్పమని చెప్పి పాఠకుల దయ అర్థించాడు. పండితలోకం దయ చూపలేదు, కోపమూ చూపలేదు. చదవనేలేదు.

1829లో తండ్రి పోయాడు. ఆస్తి చేతికి వచ్చింది. 1831 అక్టోబరులో ఓటుహక్కు సంస్కరణ బిల్లును ప్రభువుల సభ తిరస్కరించగానే నాటింగ్‌హామ్ భగ్గుమన్నది. అక్టోబరు 10న జనం న్యూకాజిల్ ప్రభువు కోటను తగలబెట్టారు. ఆ రోజే ఒక గుంపు స్నెంటన్ మీదుగా సాగి కోల్విక్ హాలు అనే జమీందారీ భవనం మీద పడింది. 1832 ఫిబ్రవరిలో ముగ్గుర్ని ఉరి తీశారు. మెట్ట మీది మరలో ఉన్న యజమానికి ఆ మంటలు కనపడకుండా ఎట్లా ఉంటాయి? మరుసటి సంవత్సరం, 1833లో, అతను మరను కౌలుకిచ్చి, బ్రామ్‌హెడ్ ప్రోత్సాహంతో నలభయ్యో యేట కేంబ్రిడ్జిలో విద్యార్థిగా చేరాడు. 1837 పరీక్షలో నాలుగో స్థానం వచ్చింది. ఆ పరీక్షలోనే రెండో స్థానం పొందిన సిల్వెస్టరు యూదుడు, ఇంగ్లండు చర్చి విశ్వాస ప్రకటనకు ఒప్పుకోలేదు గనుక డిగ్రీ ఇవ్వలేదు. గ్రీన్ 1839లో ఫెలో అయ్యాడు, 1840లో జబ్బుతో ఇల్లు చేరాడు, 1841 మే 31న చనిపోయాడు. స్థానిక పత్రిక కొద్ది వాక్యాలతో సరిపెట్టింది.

నాలుగేళ్ళ తరువాత విలియం థామ్సన్, భావి కెల్విన్ ప్రభువు, పారిస్‌కు బయలుదేరబోతూ తన గురువు హాప్కిన్స్ దగ్గర ఆ గ్రంథం ప్రతులు సంపాదించాడు. పారిస్‌లో లియూవిల్, స్టర్మ్ చూసి నివ్వెరపోయారు. 1850 నుంచి 1854 దాకా బెర్లిన్‌లోని క్రెల్లే పత్రికలో అది భాగాలుగా మళ్ళీ అచ్చయింది. స్నెంటన్ నుంచి కేంబ్రిడ్జి చేరడానికి గ్రీన్‌కు అయిదేళ్ళు పడితే, ప్రపంచాన్ని చేరడానికి అతని పుస్తకానికి ఇరవయ్యేళ్ళు పట్టింది.

(అదే స్నెంటన్‌లో 1829లో విలియం బూత్ పుట్టాడు. అతను స్థాపించిన సాల్వేషన్ ఆర్మీయే తరువాత బాపట్ల దగ్గరి స్టూవర్టుపురంలో, నేరస్థ జాతి అని బ్రిటిషువాళ్ళు ముద్రవేసిన ఎరుకలవారి సెటిల్మెంటును నడిపింది. ఒక పేట నుంచి గణితం ఒక దారినా, పాపపరిహారం మరొక దారినా మన దాకా వచ్చాయి.)

మర మాత్రం యజమాని తరువాత ఎక్కువకాలం బతకలేదు. 1846లో ధాన్యపు చట్టం పోయింది. 1860ల నాటికి స్నెంటన్ మర ఆగిపోయింది. తరువాత అమెరికా గోధుమ, సూయజ్ కాలువ తెరిచాక పంజాబు గోధుమ, ఓడరేవుల్లో ఉక్కు రోలర్ల మిల్లులకు చేరాయి. మెట్ట మీది మరకు గింజలు ఎవరు మోసుకువస్తారు? 1920లలో ఆలివర్ హైండ్ అనే న్యాయవాది దాన్ని కొని, వానకు తడవకుండా రాగిరేకు టోపీ వేయించాడు. పాలిష్ తయారుచేసేవారు లోపల అద్దెకున్నారు. 1947లో నిప్పంటుకొని కొయ్య సామాను మొత్తం కాలిపోయింది. మిగిలినది ఇటుక గొట్టం. దాన్ని కూల్చివేయాలన్న మాట కూడా వచ్చింది.

రక్షించడానికి వచ్చినవారు పిండివాళ్ళు కాదు, భౌతికశాస్త్రజ్ఞులు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో రాడార్ పనిలోనూ, ఆ తరువాత క్వాంటం విద్యుద్గతిశాస్త్రంలోనూ జూలియన్ ష్వింగర్ గ్రీన్ ఫంక్షన్లను ప్రధాన సాధనంగా వాడాడు. దాంతో గ్రీన్ పేరు ప్రతి దేశంలోనూ మోగింది. 1974లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వారు గ్రీన్ స్మారక నిధి పెట్టారు. 1979లో మరను కొని నగరపాలక సంఘానికి అప్పగించారు. 1985లో పక్కనే విజ్ఞాన కేంద్రం తెరిచారు. 1986 డిసెంబరులో రెక్కలు మళ్ళీ గాలికి తిరిగాయి. కాబట్టి ఇవాళ సందర్శకుడు చూసేదానిలో గ్రీన్ల నాటిది బురుజు మాత్రమే. టోపీ, రెక్కలు, చక్రాలు అన్నీ కొత్త వడ్రంగుల పని. ఇది మోసమని గొణిగేవారితో నేను ఏకీభవించను. అరిగిన పన్ను మార్చని, చిరిగిన గుడ్డ మార్చని మర ఏనాడూ లేదు. కదలకుండా గాజు వెనక పెట్టిన పాత చక్రం కన్నా, పిండి ఆడుతున్న కొత్త చక్రం చరిత్రకు దగ్గరిది.

నాకున్న అభ్యంతరం వేరు. ఇంగ్లండులో వేల గాలిమరలు పోయాయి. ఈ ఒక్కదాని బూడిద దులిపినది ఒక యజమాని పేరు మీద. ఆ పేరు కేంబ్రిడ్జికి పోయి, కెల్విన్ చేతిలో పడి, ష్వింగర్ దాకా రాకపోతే ఆ ఇటుకలు కూడా ఉండేవి కావు. 1800లో ఆ కుటుంబం కొట్టు మీద పడిన ఆడవాళ్ళూ మగవాళ్ళూ, బస్తాలు మోసినవారూ, చేతుల్లో ఉక్కు మచ్చలతో రాళ్ళు చెక్కినవారూ ఆ బురుజులో ఎక్కడ ఉన్నారని మన విద్యార్థులు అడగాలి. మరను చూపేవారు వినమని అనరు; అది అడిగి తెలుసుకోదగ్గ చోటు.

1993లో గ్రీన్ పుట్టిన రెండు వందల యేళ్ళ సందర్భంగా వెస్ట్‌మినిస్టర్ ఆబీలో, న్యూటన్ సమాధికి దగ్గరలో, అతని పేర ఒక ఫలకం వేశారు. ఆ యేడు ష్వింగర్, డైసన్ నాటింగ్‌హామ్ వచ్చి ఉపన్యాసాలిచ్చారు. అతని సమాధి మాత్రం స్నెంటన్‌లోని సెయింట్ స్టీఫెన్ చర్చి ఆవరణలో, తల్లిదండ్రుల పక్కన ఉన్నది. అక్కడికి దగ్గరలోనే మెట్ట మీద మర తిరుగుతున్నది. గాలి ఉన్న రోజుల్లో ఆడిన పిండిని అక్కడే సంచుల్లో అమ్ముతారు.